సూది నిలబడింది, గాలి మాత్రం పోలేదు: పీణ్యలో కొన్న ఒక హైడ్రాలిక్ ఫిక్సర్ గురించి

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోని మా చిన్న షాపులో, అల్యూమినియం పంపు హౌసింగుల కోసం వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ యంత్రం) మీద హైడ్రాలిక్ ఫిక్సర్, అంటే కోసే భాగాన్ని నూనె ఒత్తిడితో బిగించి పట్టే చట్రం, పెట్టించి ఆరు నెలలైంది. నాలుగు స్టేషన్లు (ఒక్కో భాగం కూర్చునే చోట్లు), ఎనిమిది స్వింగ్ క్లాంపులు (పక్కకు తిరిగి దిగి భాగాన్ని నొక్కే చేతులు), నాలుగు వర్క్ సపోర్టులు (భాగాన్ని కింద నుంచి ఆనించేవి), 70 బార్ ఒత్తిడినిచ్చే పవర్ ప్యాక్ (పంపు, నూనె ట్యాంకు). సరఫరా చేసిన సంస్థ కూడా పీణ్యలోనిదే. ఇరుగుపొరుగు షాపుల వాళ్ల మాటలు విన్నాక, నేను చెప్పబోయే లోపం ఆ ఒక్కరిదే కాదనిపించింది కనుక పేరు రాయడం లేదు.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. ఫిక్సర్ ప్లేటులో వేసిన నూనె దారుల్లో చిప్పు గానీ బర్ (కోతలో మిగిలే పదునైన అంచు) గానీ మిగల్చలేదు. జాయింట్లన్నిటికీ డౌటీ వాషర్లే (రబ్బరు సీలు అతికిన లోహపు వాషర్లు) వాడారు తప్ప, తునకలై వాల్వులో ఇరుక్కునే టెఫ్లాన్ టేపు ఎక్కడా చుట్టలేదు. గుర్తుపెట్టుకోదగ్గ పనితనమది.

చిక్కంతా బిగించి అప్పగించిన రోజున వచ్చింది. వచ్చిన కుర్రవాడు పవర్ ప్యాక్ దగ్గరి నట్టును, అదీ పూర్తి ఒత్తిడి మీదే, కాస్త వదులుచేసి పైపుల్లోని గాలి తీశానన్నాడు. అంత ఒత్తిడిలో సన్నగా చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. తర్వాత పంపు ఆపి, పది నిమిషాల పాటు గేజు సూది కదలలేదని చూపించి, నివేదిక మీద నా సంతకం తీసుకుని వెళ్లిపోయాడు.

రెండో రోజు నుంచి మూడో స్టేషన్ క్లాంపు మిగతావాటి కంటే ఆలస్యంగా దిగడం, ఆ స్టేషన్ భాగాల మీద మాత్రమే కట్టర్ అదురు గీతలు పడడం మొదలైంది. నాలుగు చదరపు సెంటీమీటర్ల పిస్టన్ మీద 70 బార్ అంటే సుమారు 285 కిలోల బలం కదా, భాగం ఎందుకు కదులుతుందని టూలునూ ఫీడునూ అనుమానిస్తూ వారం పోగొట్టుకున్నాను. అసలు దోషి లోపల మిగిలిపోయిన గాలి. నూనె ఆ ఒత్తిడి దగ్గర లీటరుకు ఐదు మిల్లీలీటర్ల మేర మాత్రమే కుంచించుకుంటుంది; గాలైతే 10 మిల్లీలీటర్లు 0.14 మిల్లీలీటరు దాకా నలిగిపోతుంది. బలం ఉన్నా, గట్టిదనం ఉండాల్సిన చోట స్ప్రింగు పెట్టినట్టవుతుంది.

రెండుసార్లు ఫిర్యాదు చేస్తే ఈసారి హిందూపురం వైపు పెద్దాయన ఒకరు వచ్చారు. వచ్చీ రాగానే ఆయన ట్యాంకు నూనె మట్టం చూశారు. కొత్త పైపులన్నీ నిండేసరికి మట్టం రిటర్న్ పైపు మూతి కంటే కిందికి పోయింది, ఎవరూ మళ్లీ పోయలేదు. పైనుంచి పడే నూనె నురుగు కడుతోంది, పంపు ఆ నురుగునే లాగుతోంది. ఒక చోట గాలి తీస్తుంటే ఇంకో చోట ఎక్కిస్తున్నామన్నమాట! ఐఎస్ఓ వీజీ 32 (చిక్కదనం గ్రేడు) నూనె నింపి, నురుగు అణిగేదాకా యంత్రం ముట్టుకోనివ్వలేదు.

ఆ తర్వాత క్లాంపు చేతులు విప్పించి, ఒత్తిడి 15 బార్‌కు దించి, పంపుకు అన్నిటికంటే దూరంగా ఉన్న వర్క్ సపోర్టు దగ్గర ప్లగ్గును అరచుట్టు వదిలి, కింద గుడ్డ పట్టారు. మొదట మజ్జిగలాంటి తెల్లటి నురుగు వచ్చింది, తర్వాత చిటపటలాడుతూ బుడగలు, చివరికి తేనెలా తెగని సన్నని ధార. "సింగిల్ యాక్టింగ్ దానికి నూనె పోయిన దారినే వెనక్కొస్తాది సార్, మూల నిలబడిన గాలి తనంతట తాను బయటికి రాదు" అన్నారు (సింగిల్ యాక్టింగ్ అంటే నూనె ఒక్క వైపే తోసి, స్ప్రింగు వెనక్కి తెచ్చేది). ఆ మాటలోనే మా మూడో స్టేషన్ కథంతా ఉంది: దాని వర్క్ సపోర్టు అదే మూలన ఉంది. రెండు వైపులా నూనెతోనే నడిచే డబుల్ యాక్టింగ్ క్లాంపులకూ పైపు పొడవైతే ఇదే బాధ, సిలిండరులో పట్టే నూనె కంటే పైపులో ఉన్నది ఎక్కువైనప్పుడు అది ట్యాంకు దాకా చేరకుండా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది.

సూది నిలబడితే లీకు లేదని మాత్రమే అర్థమనీ, గాలి సంగతి తెలియాలంటే సూది ఎక్కే తీరు చూడాలనీ కూడా ఆయనే చూపించారు. క్లాంపులు దిగాక సూది బద్ధకంగా పాకితే లోపల గాలి ఉంది. ఒక్క ఊపున 70కి లేస్తే లేదు. అక్యుములేటర్ (ఒత్తిడితో నూనెను నిల్వ ఉంచే సిలిండరు) ఉన్న సర్క్యూట్‌కు ఈ పరీక్ష పనికిరాదు, మాదాంట్లో అది లేదు.

ఆ మధ్యాహ్నం నుంచి అదురు గీతలు పోయాయి. ఈ సంస్థ ఫిక్సరునే మళ్లీ కొంటాను, అయితే రెండు షరతుల మీద: డ్రాయింగులో ప్రతి లైను చివరా గాలి తీసే ప్లగ్గు ఉండాలి, నా కళ్ల ముందు అక్కడ తెగని ధార వచ్చాకే సంతకం పెడతాను. ఐదు నక్షత్రాలలో ఫిక్సరుకు నాలుగున్నర, బిగించి అప్పగించిన తీరుకు రెండు.