జాగ్రత్త: "ఫైల్, ఆబ్జెక్ట్ రెండూ ఒకే డబ్బాలో" అనే స్టోరేజ్ కొటేషన్ (బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్లకు)

మన వైపు స్కానింగ్ సెంటర్లకూ కాలేజీలకూ ఒకే అచ్చులో పోసిన కొటేషన్ తిరుగుతోంది. 16 టీబీ డిస్కులు 12, "ఎఫెక్టివ్ 390 టీబీ", ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ, ఎన్‌ఎఫ్‌ఎస్, ఒక్కో ఫైలును ఒక పేరుతో (కీతో) విడి ఆబ్జెక్ట్‌గా దాచే ఎస్3 అన్నీ ఉన్నాయని. నమ్మి కొన్న చోట అనుకున్నదాంట్లో మూడోవంతు కూడా పట్టకుండానే డబ్బా నిండిపోయింది. అమ్మినవాళ్ల పేరెందుకు, కాగితం చూస్తే మీరే గుర్తుపడతారు.

ఆ 390 ఎలా పుట్టిందంటే: 12 × 16 = 192 టీబీ. రెయిడ్-6కి (రెండు డిస్కులు చెడినా డేటా పోకుండా చూసే ఏర్పాటు) రెండు డిస్కులు, చెడినదాని బదులు సిద్ధంగా ఉండే హాట్ స్పేర్‌కి ఒకటి తీసేస్తే తొమ్మిది, అంటే 144 టీబీ. డిస్కు తయారీవాళ్ల లెక్క వెయ్యి చొప్పున, విండోస్ చూపించేది 1024 చొప్పున. కాబట్టి తెర మీద కనబడేది 131 టీబీ. దాన్ని "3:1 డేటా రిడక్షన్" (డేటాను కుదించి మూడోవంతు చోటులో పట్టించడం) అని మూడుతో గుణించారు. ఒకేలాంటి వర్చువల్ మెషిన్లు పాతిక ఉన్నచోట ఆ తగ్గింపు రావచ్చు. ముందే కుదించిన డైకామ్ (స్కానింగ్) బొమ్మలు, జేపెగ్‌లు, హెచ్.265 సీసీటీవీ వీడియోలను మళ్లీ ఎంత పిండినా దాదాపు ఏమీ రాదు. పైగా 80 శాతం నిండాక చాలా సిస్టమ్‌లు మందగిస్తాయి. అంటే నిశ్చింతగా వాడుకోగలిగేది 105 దగ్గర. స్నాప్‌షాట్లకు (డేటా పాత స్థితిని దాచి ఉంచేవి) చోటు కూడా అందులోంచే.

చిన్న ఫైళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. ఎరేజర్ కోడింగ్ 8+3 (డేటాకు 8 ముక్కలు, రక్షణకు 3) అంటే 72 శాతం పైగా చేతికొస్తుందని చెబుతారు, పెద్ద ఫైళ్లకైతే నిజమే. డెల్ వాళ్ల పవర్‌స్కేల్‌లో 128 కేబీ, అంతకు తక్కువ ఫైళ్లకు మామూలుగా మిర్రరింగే జరుగుతుంది, పూర్తి కాపీలే పడతాయి. సెఫ్ అనే ఓపెన్ సోర్స్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లో పసిఫిక్ వెర్షన్‌కు ముందు హార్డ్ డిస్కు మీద కనీస కేటాయింపు (ఎంత చిన్న ముక్కకైనా పోయే చోటు) 64 కేబీ, ఆ తర్వాత 4 కేబీ. పాత వెర్షన్‌లో కట్టిన ఓఎస్‌డీ (ఒక్కో డిస్కును నడిపే భాగం) అప్‌గ్రేడ్ చేసినా 64 దగ్గరే ఉండిపోతుంది. అలాంటి చోట 8+3లో 4 కేబీ ఫైలు 11 ముక్కలై 704 కేబీ తింటుంది. అలాంటివి పది లక్షలుంటే 4 జీబీ సరుకుకు 700 జీబీ పైనే పోతుంది. సీటీ స్లైస్ ఒక్కోటి అర ఎంబీ కాబట్టి దానికి ఫరవాలేదు, దెబ్బ తగిలేది థంబ్‌నెయిళ్లకూ రిపోర్టులకూ.

ఫైల్ పేర్లు తెలుగులోనో ఒడియాలోనో పెట్టేవాళ్లు ఇది తప్పక చూడాలి. విండోస్‌లో పేరుకు 255 అక్షర స్థానాలు. లైనక్స్ మీద నడిచే డబ్బాల్లో సాధారణంగా 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగుకూ ఒడియాకూ స్థానానికి 3 బైట్లు, గుణింతమూ పొల్లూ విడిగా లెక్క. "పర్లాకిమిడి" కంటికి ఐదక్షరాలే, అక్కడ 11 స్థానాలు, 33 బైట్లు. అలా 85 స్థానాలకే పేరు నిండుతుంది. ఎస్3లోనైతే ఫోల్డర్లతో సహా మొత్తం కీకి 1024 బైట్లు. పాత సర్వర్‌లో చక్కగా ఉన్న ఫైలు కొత్తదానిలోకి ఎక్కదు. విండోస్‌లోని కాపీ సాధనం రోబోకాపీ మామూలుగా పది లక్షల సార్లు, 30 సెకన్లకోసారి ప్రయత్నిస్తుంది కాబట్టి రాత్రంతా అదే ఫైలు దగ్గర కూర్చుంటుంది. రీట్రై 1, వెయిట్ 1 పెట్టి, లాగ్ తీసి, ఎక్కనివాటి జాబితా డబ్బు కట్టకముందే చూడండి.

"ఎస్3 ఉంది" అన్నది కూడా సగం మాటే. ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే డబ్బా) మీద తగిలించిన గేట్‌వేలో వెర్షనింగ్ (పాత ప్రతులు ఉంచడం), ఆబ్జెక్ట్ లాక్ (గడువుదాకా చెరపనివ్వకపోవడం) ఉన్నాయో లేవో ఆర్‌క్లోన్ అనే కాపీ సాధనంతో కాదు, మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తోనే చేసి చూడండి. ఆబ్జెక్ట్ లాక్ పరీక్షకు గవర్నెన్స్ మోడ్ (ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్లు తీసేయగలిగేది), ఒక్క రోజు గడువు చాలు. కంప్లయన్స్ మోడ్‌లో పదేళ్లు పెట్టేస్తే ఆ పదేళ్లూ అడ్మిన్ కూడా చెరపలేడు. ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పేరు మార్చడమంటే కాపీ చేసి పాతది తీసేయడం. 1,500 స్లైసులున్న ఫోల్డర్ పేరు మారిస్తే 1,500 కాపీలు, 1,500 డిలీట్‌లు. మధ్యలో ఆగిన మల్టీపార్ట్ అప్‌లోడ్ ముక్కలు మామూలు లిస్టులో కనబడకుండా చోటు తింటాయి, వాటిని తుడిచే లైఫ్‌సైకిల్ రూల్ మొదటిరోజే పెట్టించుకోండి. ఇక "మినియో (ఎస్3 స్టోరేజ్ సాఫ్ట్‌వేర్) ఉచితం" అంటూనే లైసెన్సు పేరుతో బిల్లు వేస్తే నిలదీయండి: అది 2021లోనే ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుకు మారింది, 2025లో కమ్యూనిటీ ఎడిషన్ నుంచి అడ్మిన్ కన్సోల్ సదుపాయాలు చాలావరకు తీసేశారు.

డిస్కులు సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా రాసే రకం) అని పీఓలో (కొనుగోలు ఆర్డరులో) రాయించండి. ఎస్‌ఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కేలా రాసే రకం) పెడితే రీబిల్డ్ (చెడిన డిస్కులోని డేటాను కొత్తదానిలో తిరిగి కట్టడం) రోజుల తరబడి సాగుతుంది. మంచి డిస్కుకే, సెకనుకు 200 ఎంబీ ఆగకుండా రాసినా 16 టీబీకి 22 గంటలు. డెమోలో మీ సొంత ఫైళ్లు రెండు లక్షలు ఎక్కిస్తూ ఒక డిస్కు లాగేయండి, రీబిల్డ్ శాతం గంటగంటకూ రాసుకోండి. అమ్మేవాడు వద్దంటే అక్కడికి ఆపేయండి.

రెండో కాపీ విశాఖలో అంటారు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ అక్టోబరులోనే. ఒకే తీరం మీద రెండు కాపీలు పెట్టుకోకండి, కొరాపుట్ జిల్లా జయపురమో హైదరాబాదో చూసుకోండి. 100 ఎంబీపీఎస్ లైను మీద 10 టీబీ పంపడానికి తొమ్మిది రోజులు దాటుతుంది, మొదటి కాపీ డిస్కులో మోసుకెళ్లడమే మేలు.

సపోర్టులో "నెక్స్ట్ బిజినెస్ డే" అంటే సామాను చేరడమా, బయల్దేరడమా అని రాతపూర్వకంగా అడగండి. విశాఖ నుంచి వచ్చే స్పేర్ విలువ 50 వేలు దాటితే వారంటీ మార్పిడైనా ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణా పత్రం) కావాలి, అది లేక బండి ఆగితే ఆ రోజులు ఎవరి ఖాతా అన్నదీ అందులోనే ఉండాలి. 131 అంకె, "రెయిడ్-6, ఒక స్పేర్ పోగా" అన్న మాటతో సహా పీఓలో ఎక్కేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.