పోర్ట్ బ్లెయిర్‌లో చెదల నివారణ సేవ: ఏ జాతో తెలుసుకొని చేసిన పని

శ్రీకాకుళం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) స్థిరపడిన మా ఇంటికి చెదలు పట్టినప్పుడు, మొదట పిలిచినవారు ఏమీ పరిశీలించకుండానే గోడల వెంట మందు పోసి వెళ్లారు. నాలుగు నెలలకే తలుపు చట్రం కింద గసగసాల్లాంటి పొడి మళ్లీ రాలింది.

రెండవసారి వచ్చిన నిపుణుడు ఆ పొడిని అరచేతిలో పోసుకొని భూతద్దంలో చూపించారు. ప్రతి గింజకూ ఆరు పలకలున్నాయి. అవి నేలతో సంబంధం లేకుండా కర్రలోనే కాపురముండే చెదల విసర్జితాలని, ఇలాంటివి కొట్టుకొచ్చే దుంగల్లో సముద్రం దాటగలవు గనుక దీవుల్లో వీటిని ప్రత్యేకంగా గమనించాలని, నియోటెర్మిస్ అండమానెన్సిస్ అనే జాతికి ఈ దీవుల పేరే పెట్టారని ఆయన వివరించారు. పెరటి చెట్టు మీది నల్లని గూడు నాసూటిటెర్మిస్ అనే మరో రకం చెదలదట. కొమ్మను గీరగానే ముక్కులాంటి తలలున్న సైనిక చెదలు బయటికి వచ్చాయి. అవి ఇంటి జోలికి రాలేదు గనుక ఆ గూడును వదిలేశారు; ఈ నిర్ణయం నాకెంతో నచ్చింది.

నేలలోంచి వచ్చే చెదలు కట్టే మట్టి గొట్టాలు కనిపించిన వంటగది గోడ వెంట మాత్రమే నేలలో 30 సెంటీమీటర్లకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ద్రావణం పోశారు. చట్రంలోకి విడిగా సూదితో మందెక్కించారు. రంధ్రాలు పూడ్చిన సిమెంటు రంగు నేలతో కలవకపోవడం ఒక్కటే లోపం. ఎనిమిది నెలలుగా పొడి రాలలేదు.