నెలనెలా సూదా, ఒకటే సూదా? నెలలు నిండని పిల్లలకు ఏది మేలు

మా చెల్లె కొడుకు 30వ వారంలోనే పుట్టాడు. నల్లగొండలో నవజాత శిశువుల వార్డు నుంచి దేవరకొండ దగ్గరి మా ఊరికి తెచ్చుకునేటప్పుడు మాకు ఒకటే టెన్షన్, ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. పెద్దవాళ్లకు సర్దిలా వచ్చిపోయే ఈ వైరస్, అలాంటి పసివాడికి సోకితే డొక్కలు ఎగరేసి ఆక్సిజన్ దాకా పోవచ్చు. తల్లి నుంచి యాంటీబాడీలు, అంటే వైరస్‌ను అడ్డుకునే ప్రొటీన్లు, ఎక్కువగా అందేది చివరి మూడు నెలల్లోనే. వీడికి ఆ నెలలు చాలావరకు దక్కలేదు. అందుకే తయారు యాంటీబాడీలను సూదితో ఇస్తారు.

పాత మందు పాలివిజుమాబ్. అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. అప్పటి 1,502 మంది పిల్లల పరీక్షలో, ఆర్‌ఎస్‌వీతో ఆసుపత్రిలో చేరినవాళ్లు మందు లేని గుంపులో 10.6 శాతం, మందు తీసుకున్న గుంపులో 4.8 శాతం. పని చేస్తుంది, అనుమానం లేదు. కానీ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున నెలకొకటి, సీజన్‌కు (అంటే ఈ వైరస్ ఎక్కువగా తిరిగే నెలల్లో) ఐదు దాకా వేయించాలి. బిడ్డ బరువు పెరిగితే మందూ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఒక నెల తప్పితే రక్షణ సన్నగిల్లుతుంది. వానాకాలంలో దగ్గేవాళ్లతో కిక్కిరిసిన బస్సులో పసివాణ్ని ఐదుసార్లు పట్నం తిప్పడమంటే, దేనికి భయపడుతున్నామో దానికే ఎదురు వెళ్లడం కాదా? నాకు అన్నిటికంటే బరువైన లెక్క ఇదే.

కొత్తది నిర్సెవిమాబ్. యూరప్‌లో 2022లో, అమెరికాలో 2023లో అనుమతి పొందింది. ఐదు కిలోల లోపు 50, ఆపైన 100 మిల్లీగ్రాములు, సీజన్‌కు ఒకటే సూది. రక్షణ కనీసం ఐదు నెలలు. ప్రమాదం ఎక్కువున్న పిల్లల్లో రెండు మందులనూ పోల్చి చూస్తే భద్రతలో పెద్ద తేడా కనిపించలేదు.

గర్భిణికి వేసే టీకా కూడా ఉంది. అమెరికాలో 32 నుంచి 36 వారాల మధ్య వేస్తారు. 30 వారాలకే కాన్పయిన మా చెల్లెకు ఆ దారే లేదు.

మా జిల్లాల వాళ్లకు నేను చెప్పేది, ఒకటే సూదితో అయిపోయే నిర్సెవిమాబే. అది దొరక్కపోతే, దొరికేచోట పాలివిజుమాబే, అదీ అన్ని డోసులూ వేయించగలమని ముందే లెక్క చూసుకుని. ఈ సంగతి డిశ్చార్జి రోజునే పిల్లల డాక్టరును అడగండి. ఏది వేయించినా అది నివారణకే, జబ్బు వచ్చాక తగ్గించే మందు కాదు. పాలు తాగడం మానేసినా, ఊపిరికి డొక్కలు లోపలికి పోతున్నా తెల్లారేదాకా ఆగకండి.