‘సింగిల్ సైన్ ఆన్ ఉంది’ అన్న ఒక్క లైను చూసి పీవో (పర్చేజ్ ఆర్డర్) ఇవ్వకండి

ఆఫీసు ఇంట్రానెట్‌లో లీవు, గేట్‌పాస్, హెచ్‌ఆర్ లాంటి వెబ్ అప్లికేషన్ కొనబోతున్నవాళ్లు, ముఖ్యంగా ఉద్యోగుల విండోస్ లాగిన్లన్నీ ఒకేచోట చూసే యాక్టివ్ డైరెక్టరీని సొంతంగా నడుపుకునే చిన్న కంపెనీల ఐటీ వాళ్లు, కాస్త ఆగి ఇది చదవండి.

వెండర్ మాకిచ్చిన కొటేషన్‌లో ‘యాక్టివ్ డైరెక్టరీ సింగిల్ సైన్ ఆన్ ఉంది’ అని స్పష్టంగా రాశారు. అంటే పొద్దున సిస్టమ్‌లో లాగిన్ అయిన మనిషి లింకు నొక్కితే చాలు, మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా పేజీ తెరుచుకోవాలి. తీరా ఇన్‌స్టాల్ చేశాక లాగిన్ పేజీ వచ్చింది. ఇదేంటని అడిగితే, "విండోస్ పాస్‌వర్డే కొట్టండి సార్, వేరేది గుర్తుపెట్టుకోనక్కర్లేదు కదా, అదే సింగిల్ సైన్ ఆన్" అన్నారు.

కాదు. అది వట్టి ఎల్‌డాప్ లాగిన్, అంటే అప్లికేషనే మన పాస్‌వర్డ్ తీసుకుని యాక్టివ్ డైరెక్టరీతో సరిచూసుకోవడం. అసలైన సింగిల్ సైన్ ఆన్‌కి వాడే కెర్బరోస్ పద్ధతిలో పాస్‌వర్డ్ అప్లికేషన్ దాకా రానే రాదు. బ్రౌజర్ డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీ నడిచే సర్వర్) దగ్గర టికెట్ తీసుకుని దాన్నే చూపిస్తుంది. ఎల్‌డాప్ పద్ధతిలో మాత్రం మనవాళ్ల డొమైన్ పాస్‌వర్డ్ నేరుగా వెండర్ కోడ్ చేతిలో పడుతుంది. మా దగ్గర అది 389 పోర్టులో ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్లింది. సర్వర్‌లో ఎర్రర్ లాగ్ తెరిస్తే, యూజర్‌నేమ్ పక్కనే మా అకౌంట్స్ మేడమ్ పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా ఉంది. మెయిలు, షేర్డ్ ఫోల్డర్లు అన్నీ ఆవిడ దాంతోనే తెరుస్తారు. అది చూసి నాకు చెమటలు పట్టాయి.

గట్టిగా నిలదీస్తే, అసలు సింగిల్ సైన్ ఆన్ మాడ్యూల్‌కి లైసెన్సు వేరే అన్నారు. కొటేషన్ ముందు పెట్టాక ఐఐఎస్ అనే మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్‌లో విండోస్ ఆథెంటికేషన్ ఆన్ చేసి చేతులు దులుపుకున్నారు. లింకు మాత్రం ఐపీ అడ్రస్‌తో ఇచ్చారు. ఐపీతో తెరిస్తే మామూలుగా కెర్బరోస్ టికెట్ రాదు, బ్రౌజర్ దాన్ని ఆఫీసు లోపలి సైటుగానూ (ఇంట్రానెట్ జోన్) లెక్కపెట్టదు. అందుకే పాస్‌వర్డ్ బాక్సు మళ్లీ ఎదురొచ్చింది, లోపల నడిచింది ఎన్‌టీఎల్‌ఎం అనే పాత లాగిన్ పద్ధతి. దాన్ని మైక్రోసాఫ్ట్ 2024 జూన్‌లోనే ఇక వదిలేయాల్సిన వాటి జాబితాలో చేర్చింది. ఇది చాలక అప్లికేషన్ వాడుకునే సర్వీస్ అకౌంటుకు డొమైన్ అడ్మిన్ హక్కులు కూడా అడిగారు. ఎవరడిగినా ఇవ్వకండి. యూజర్ల వివరాలు చదవడానికి మామూలు అకౌంటు సరిపోతుంది.

డెమో వాళ్ల ల్యాప్‌టాప్‌లో చూడొద్దు. మీ డొమైన్‌లో ఉన్న పీసీలో, మామూలు ఉద్యోగి లాగిన్‌తో చూపించమనండి. పేజీ తెరుచుకున్నాక కమాండ్ ప్రాంప్ట్‌లో కేలిస్ట్ (klist) కొట్టండి. హెచ్‌టీటీపీ అని మొదలై ఆ సర్వర్ పేరుతో టికెట్ కనబడాలి. లేదంటే ఎస్‌పీఎన్ (సర్వీసు పేరును దాని అకౌంటుతో కలిపే నమోదు) అసలు రాయలేదేమో, ఒకే పేరు రెండు అకౌంట్లకు రాశారేమో చూడండి. సెట్‌ఎస్‌పీఎన్ మైనస్ ఎక్స్ (setspn -X) కమాండ్‌తో డూప్లికేట్లు బయటపడతాయి. బోలెడు గ్రూపుల్లో ఉన్న మేనేజర్ లాగిన్‌తోనూ ప్రయత్నించండి. గ్రూపులు ఎక్కువైతే టికెట్ బరువెక్కుతుంది, అప్లికేషన్ టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ మీద నడిస్తే, టికెట్‌ను మోసుకెళ్లే హెడర్ హద్దు డిఫాల్ట్‌గా 8 కేబీ, అది దాటితే 400 ఎర్రరే.

పీవోలో ‘కెర్బరోస్ లేదా శామల్ 2.0, అప్లికేషన్ తానుగా డొమైన్ పాస్‌వర్డ్ అడగకూడదు, దీనికి అదనపు లైసెన్సు ఉండదు’ అని రాయించండి. శామల్ కూడా పాస్‌వర్డ్ అప్లికేషన్‌కి చేరని సింగిల్ సైన్ ఆన్ పద్ధతే. ఈ పరీక్ష నెగ్గాకే చివరి పేమెంటు. మేం మాది ఆపి ఉంచాం.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఇప్పటికే మీ దగ్గర నడుస్తుంటే ఈరోజే దాని లాగ్ ఫోల్డర్ తెరిచి, మీకు తెలిసిన ఒక టెస్ట్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, అది అక్కడ పడుతోందేమో వెతకండి. కనబడితే ఆ లాగిన్ పేజీ ఆపించి, దాన్ని వాడిన అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించండి.