నాటింగ్‌హామ్ పబ్బులో 'శివుడు, మూడు'

బర్మింగ్‌హామ్ న్యూస్ట్రీట్ స్టేషనులో రైలెక్కితే నాటింగ్‌హామ్ గంటుంబావు ప్రయాణం. ఫిబ్రవరి శనివారం, సన్నగా వాన. అన్న, వదిన ఉండేది ఆ ఊరి పక్కనే బీస్టన్‌లో. హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేసిన మేం ముగ్గురం వాళ్లతో ఒక సాయంత్రం బోర్డు ఆటలు ఆడదామని బయల్దేరాం. ఆటలకు చోటు ఎక్కడ బాగుంటుందన్నది తేలడానికి రోజంతా పట్టింది.

ముందు అందరూ వెళ్లే చోటికే వెళ్లాం. కోట కొండ అడుగున రాతిని ఆనుకుని ఉంటుంది 'యే ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం' పబ్బు. గోడ మీద పెద్ద అక్షరాలతో 1189 అని రాసి ఉంటుంది. ఇప్పుడు కనిపిస్తున్న కట్టడం మాత్రం 17వ శతాబ్దానిదని చరిత్రకారుల మాట. దేశంలో అతి పాత పబ్బు మాదంటే మాదని అదే ఊళ్లో బెల్ ఇన్, సెల్యుటేషన్ ఇన్ కూడా పోటీకి వస్తాయి. మన దగ్గర ఏ ఊరి గుడి పాతదన్న పంచాయితీలాంటిదే, తేలదు. లోపలి గదులను ఇసుకరాయిలోకి తొలిచారు. తల వంచుకుని తిరగాలి. ఒక మూల పాత ఓడ బొమ్మ దుమ్ము కొట్టుకుపోయి ఉంది. దాన్ని తుడిచినవాళ్లు అకాలంగా పోయారన్న నమ్మకం ఉండటంతో ఎవరూ చెయ్యి వెయ్యరట. మా ఇంటి అటక మీది సామాను విషయంలో నేనూ ఇకనుంచి ఈ కారణమే చెప్పాలనుకుంటున్నాను.

అక్కడ ఒక ఆట ఉంది. పైకప్పు నుంచి తాడుకు వేలాడే రింగును ఊపి, ఎదురుగా గోడకున్న ఎద్దు కొమ్ముకు తగిలించాలి. చూడటానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. నేను పదకొండుసార్లు ఊపాను. వదిన రెండోసారికే తగిలించి, ఏమీ జరగనట్టు చలికోటు గుండీలు పెట్టుకుంది. చూసి తీరాల్సిన చోటే, కానీ అట్టపెట్టె విప్పి నలభై ముక్కలు పరుచుకోవడానికి కాదు. ఆ పని గుహ చేయాలని అడగడం కూడా న్యాయం కాదు.

తరువాత ఊరి నడిబొడ్డున ఒక బోర్డు ఆటల కేఫ్. తలకు ఐదు పౌండ్లు, మూడు గంటలు. గోడ నిండా ఆటల పెట్టెలు. 'అజూల్' ఎలా ఆడాలో అక్కడి కుర్రాడు ఐదు నిమిషాల్లో చెప్పాడు. పోర్చుగల్ గోడల మీద కనిపించే రంగుపెంకులను వరుసల్లో పేర్చే ఆట అది, 2018లో జర్మనీవాళ్ల 'స్పీల్ దెస్ యారెస్' (ఆ ఏటి మేటి ఆట) బహుమతి దక్కింది. ముక్కలు చేతికి చల్లగా, బరువుగా, చింతగింజల్లా నున్నగా తగులుతాయి. దాన్ని నలుగురే ఆడగలరు కాబట్టి నేను పక్కన కూర్చుని లెక్కలు చూశాను. ఆటలు నేర్పడంలో ఆ కేఫుకు పూర్తి మార్కులు. కానీ రెండో ఆట సగంలో ఉండగా 'మీ సమయం అయిపోయింది' అన్నారు. డబ్బు కడతాం, ఇంకో అరగంట ఇవ్వమన్నాం. తరువాతి వాళ్లు అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. గడియారం చూసుకుంటూ ఆడే ఆట నాకు పరీక్ష హాలును గుర్తుకు తెస్తుంది.

అప్పుడు అన్న తమ వీధి చివరి పబ్బుకు ఫోను చేశాడు. ట్రామెక్కి బీస్టన్ వెళ్లాం. ఆ పబ్బుకు చరిత్రా లేదు, గుహా లేదు. కానీ కిటికీ పక్కన ఎనిమిది మంది కూర్చోగల పాత చెక్క బల్ల, దాని పైన నేరుగా దీపం. కావలసింది అదే. కూర్చున్నచోటికి ఎవరూ వచ్చి అడగరు, ఎవరి గ్లాసు వాళ్లే కౌంటరు దగ్గర తెచ్చుకోవాలి. తాగని మాకిద్దరికీ లైమ్ సోడా చాలా చవకగా దొరికింది. కొత్తగా వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: వంటగది తొమ్మిదికే మూసేస్తారు. మేం చివరి ప్లేటు చిప్స్ అందుకున్నాం. వెనిగర్ అంటిన వేళ్లతో కార్డులు పట్టుకోవద్దని వదిన అందరికీ తలా ఒక కాగితపు రుమాలు పంచింది. బయటి తిండి పబ్బులో తినకూడదు కదా అని ముందే అడిగి, అనుమతి తీసుకుని జంతికల డబ్బా కూడా తీసింది.

షెల్ఫులో ఉన్నవి ఏడెనిమిది పెట్టెలే. మొదట 'కటాన్' తీశాం. 1995లో వచ్చిన ఆట, పంతొమ్మిది పలకల ద్వీపం. పలకల నుంచి వచ్చే సరుకులతో, ఒకరితో ఒకరు మార్చుకున్న వాటితో రోడ్లూ ఊళ్లూ కట్టాలి. అదీ నలుగురికే, అందుకని వదిన, నేను ఒక జట్టు. కటాన్ ఆడినంతసేపూ బల్ల సంతలా ఉంటుంది. 'గొర్రెలున్నాయి, ఇటుకలున్నవాళ్లెవరు?' అంటూ బేరాలు. పాచికల మీద ఏడు పడితే దొంగ బొమ్మను కదపాలి, అది నిలిచిన పలక నుంచి సరుకు రాదు. అన్న ప్రతిసారీ దొంగను మా గోధుమ పొలం మీదే పెట్టాడు. 'ఇంటికి వెళ్లాక వంట ఎవరు చేస్తారో గుర్తుందా?' అంది వదిన. దొంగ వెంటనే కొండ మీదికి మారాడు.

పక్క బల్ల దగ్గర ఇద్దరు ముసలివాళ్లు రంధ్రాల చెక్కలో పుల్లలు జరిపి లెక్క చూసుకుంటూ క్రిబేజ్ అనే పేకాట ఆడుతున్నారు. పబ్బుల్లో డబ్బు పెట్టి ఆడటంపై ఆంక్షలు పెట్టిన 1968 నాటి గేమింగ్ చట్టం కూడా క్రిబేజ్‌నూ, డామినోలనూ మినహాయించింది. మన గుళ్ల మండపాల రాతిపలకల మీద చెక్కిన పులిజూదం గళ్లు నాకు గుర్తొచ్చాయి. మూడు పులులు, పదిహేను మేకలు. జనం కూర్చునే చోటికి ఆట తనంతట తానే వచ్చి చేరుతుంది కాబోలు.

రాత్రి పదికి 'కోడ్‌నేమ్స్' తీశాం. ఇరవై ఐదు పదాల కార్డులు పరిచి, జట్టు నాయకుడు ఒక మాట, ఒక అంకె చెప్పాలి. ఆ మాటకు సంబంధమున్న తమ కార్డులు ఎన్నో ఆ అంకె చెబుతుంది, జట్టువాళ్లు వాటిని ఊహించి తాకాలి. కార్డులు ఇంగ్లీషులో ఉన్నా మా సూచనలు తెలుగులో. అన్న గంభీరంగా 'శివుడు, మూడు' అన్నాడు. చంద్రుడి కార్డు వెంటనే తాకాం. విషం కార్డు రెండోది. మూడోదానికి చర్చ మొదలైంది. ఒక మిత్రుడు హిమాలయాల కార్డు వైపు వేలు చూపుతుంటే నేను ఆపాను. మూడో కన్ను ఉండగా కొండలెందుకు అని నిప్పు కార్డు తాకాను. అది హంతకుడి కార్డు, తాకిన జట్టు ఓడిపోయినట్టే. ఆట అక్కడికక్కడే ముగిసింది. అన్న చాలాసేపు మాట్లాడలేదు. 'హిమాలయాల్లో కాకపోతే శివుడు వంటింట్లో ఉంటాడా?' అన్నది ఆ తరువాత ఆయన మొదటి మాట.

పదకొండుకు గంట కొట్టారు, ఇదే చివరి ఆర్డరని. పెట్టెలు సర్దాం. రాత్రి బస స్టేషను దగ్గరి చిన్న గెస్ట్‌హౌసులో. హీటరు పదిన్నరకే ఆపేస్తారని గదిలోకి వెళ్లాకే తెలిసింది, కోటు వేసుకునే పడుకున్నాం. పొద్దున గుడ్లు మాత్రం బాగా వేయించారు.

ఆదివారం మధ్యాహ్నం రైల్లో ఉండగా వదిన ఫోను. జంతికల డబ్బా కడుగుతుంటే అడుగున కటాన్ ఎర్ర రోడ్డు ముక్క దొరికిందట. రంగుకు పదిహేను ఉండాలి. పబ్బు పెట్టెలో ఇప్పుడు పద్నాలుగే. సాయంత్రం అన్న దాన్ని తిరిగి ఇవ్వడానికి వెళ్లి, పదిన్నరకు ఇల్లు చేరాడట.