నెక్ పికప్ కొనబోతున్నారా? నా జేబుకు పడిన చిల్లు చూసి వెళ్లండి

దుకాణం పేరు అడగొద్దు, రాయను. పేరు రాస్తే మాటలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి, అసలు సంగతి పక్కకు పోతుంది. హైదరాబాద్‌లోనే, మే నెలలో, నా లెస్ పాల్ తరహా ఎలక్ట్రిక్ గిటార్‌కి నెక్ పికప్ (స్ట్రింగ్స్ ఊపును కరెంటు సిగ్నల్‌గా మార్చే, మెడ వైపుండే కాయిల్, మాగ్నెట్ ముక్క) మార్పిద్దామని వెళ్లి 9,300 రూపాయలు వదిలించుకున్నాను. పికప్‌కి 8,500, బిగించినందుకు 800. దాంతోపాటు నిక్షేపంలాంటి పాత పికప్ కూడా పోయింది. డబ్బు కన్నా అదే ఎక్కువ మండుతోంది.

నేను ఆదివారాలు చర్చిలో వాయిస్తాను. డిస్టార్షన్ (గరగర) తక్కువ, క్లీన్ టోన్ ఎక్కువ. గిటార్‌కి రెండు పికప్‌లు, మెడ దగ్గర నెక్‌ది, స్ట్రింగ్స్ బిగించే చివర బ్రిడ్జిది. ఏది పలకాలో ఎంచే సెలెక్టర్ అందుకే ఎప్పుడూ నెక్ వైపే ఉంటుంది. కొన్నాళ్లుగా మందపాటి రెండు స్ట్రింగ్స్ మీటితే శబ్దం ముద్దగా, కంబళి కప్పినట్టు వస్తోంది. వీడియోలు చూసి చూసి, తప్పు పికప్‌దేనని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను.

దుకాణాయన ఒక పేరున్న అమెరికన్ కంపెనీ పెట్టె బయటికి తీశాడు. సీలు లేదు. అడిగితే "కస్టమ్స్‌లో తెరిచారు భయ్యా" అన్నాడు. పెట్టె మీద మాత్రం నెక్ మోడల్, ఆల్నికో 5 (ఒక లోహ మిశ్రమం) మాగ్నెట్, కాయిల్ రెసిస్టెన్స్ 7.5 కిలో ఓమ్‌లు అని అచ్చు వేసి ఉంది. పికప్ వెనక స్టిక్కర్ కాస్త వంకరగా ఉంటే, ఇది నెక్‌దేనా అని అడిగాను. "నెక్ అయినా బ్రిడ్జి అయినా లోపల కాయిల్ ఒకటే, స్టిక్కరే తేడా" అన్నాడు. అక్కడే లేచి రావాల్సింది. తలూపాను.

ఆయన మాటలో పావు వంతు నిజం లేకపోలేదు. గిబ్సన్‌లో సెత్ లవర్ హంబకర్ (రెండు కాయిల్స్‌తో రొద తగ్గించే ఈ రకం పికప్) తయారుచేసి 1955లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టినప్పటి నుంచి చాన్నాళ్లు, నెక్‌కి ఇన్ని చుట్లు, బ్రిడ్జికి ఇన్ని చుట్లు అన్న పట్టింపు లేదు. ఒక్కోటి ఒక్కోలా వచ్చేది. అయినా అవి చాలావరకు 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్యే ఉండేవి. తర్వాత తర్వాత బ్రిడ్జివి గట్టిగా చుట్టడం మొదలయ్యాక రెండింటి దారులు వేరయ్యాయి. బ్రిడ్జి దగ్గర స్ట్రింగ్ కొంచెమే ఊగుతుంది, కాబట్టి అక్కడ ఎక్కువ చుట్లున్న కాయిల్ పెట్టి శబ్దం పెంచుతారు. నెక్ దగ్గర స్ట్రింగ్ బాగా ఊగుతుంది, కింది స్వరాలు దానంతటవే నిండుగా వస్తాయి. అక్కడ కూడా గట్టి కాయిల్ పెడితే నిండుదనం కాస్తా బురద అవుతుంది. నేను వదిలించుకుందామనుకున్నదే అది. డబ్బిచ్చి మరీ ఇంకొంచెం కొనుక్కొచ్చాను.

బిగించడానికి మూడు గంటలు పడుతుంది, సాయంత్రం రమ్మన్నారు. గిటార్ అక్కడ వదిలేసి ఇరానీ చాయ్‌కి పోయాను. తిరిగొచ్చాక వాళ్ల చిన్న ఆంప్‌లో గెయిన్ పెంచి వినిపించారు. బయట ట్రాఫిక్ రొద, లోపల ఫ్యాను. పాతదాని కంటే గట్టిగా వినిపించింది కదా, బాగుందనుకున్నాను. గట్టిగా ఉండటానికీ బాగుండటానికీ తేడా ఆ క్షణంలో చెవికి తెలియదు.

ఇంటికొచ్చి క్లీన్‌లో పెడితే బండారం బయటపడింది. నెక్ పెడితే ఢమఢమ, బ్రిడ్జికి మారిస్తే పీల గొంతు. రెండూ కలిపి మధ్యలో పెడితే ముక్కుతో మాట్లాడినట్టు సన్నటి శబ్దం. అప్పుడు దగ్గరగా చూశాను. రెండు చివరల ఉండే E స్ట్రింగ్సూ పోల్ స్క్రూల (పికప్ మీద ఒక్కో స్ట్రింగ్ కిందుండే స్క్రూల) మీదుగా పోవడం లేదు, బాగా లోపలికి ఉన్నాయి. మెడ వైపు వెళ్లేకొద్దీ స్ట్రింగ్స్ దగ్గరవుతాయి కాబట్టి ఈ తరహా గిటార్లలో నెక్ పికప్‌కి మొదటి పోల్ నుంచి ఆరో పోల్ దాకా 49, 50 మిల్లీమీటర్లు ఉంటుంది. నాకు అంటగట్టింది స్కేలు పెట్టి కొలిస్తే 53. బ్రిడ్జి ముక్కకి నెక్ స్టిక్కర్ అంటించారన్నమాట.

ఈసీఐఎల్‌లో (ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ) రిటైరైన బాబాయి ఒకాయన ఉన్నారు నాకు. గిటార్ అంటే ఆయనకు ఏ గౌరవమూ లేదు, కాయిల్ అంటే మాత్రం ప్రాణం. గిటార్ విప్పకుండానే కేబుల్ జాక్‌లో పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, సెలెక్టర్ నెక్‌కి పెట్టి, కేబుల్ రెండో చివర మల్టీమీటర్ ఆనించారు. 14.1 కిలో ఓమ్‌లు. వాల్యూమ్ పాట్ (ఆ నాబ్ కింది రెసిస్టర్) పికప్‌కి సమాంతరంగా కలిసి ఉంటుంది కాబట్టి అసలు విలువ ఇంకా కాస్త ఎక్కువే. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ పోల్స్ మీద ఆనించి చటుక్కున లాగారు. నెక్‌కి రీడింగ్ పైకి కదిలితే బ్రిడ్జికి కిందికి కదిలింది. రెండూ ఎదురు ఫేజ్‌లో ఉన్నాయి, అంటే ఒకదాని సిగ్నల్‌ని ఇంకోటి కొట్టేస్తోంది, మధ్యలో వచ్చే ముక్కు శబ్దానికి కారణం అదే. కంపెనీ కంపెనీకి వైర్ల రంగులు మారతాయి: సీమోర్ డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ వైరు), ఎరుపూ తెలుపూ కలిపేయాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలిపేయాలి. నకిలీ సరుకులో ఏ రంగు దేనికో చుట్టినవాడికే ఎరుక. రెండు వైర్లు అటూ ఇటూ మార్చి ఫేజ్ వరకు బాబాయే సరిచేశారు.

మర్నాడు రీడింగ్ ఫొటో పట్టుకుని దుకాణానికి వెళ్తే ఏమన్నాడో తెలుసా? "ఎండాకాలం కదా భయ్యా, రీడింగ్ పెరుగుతుంది." ఒప్పుకోవాలి, ఆ సమాధానం నేను ఊహించలేదు. బాబాయికి ఫోన్ చేశాను. ఆయన నవ్వి లెక్క చెప్పారు. రాగి తీగ ఒక్కో డిగ్రీకి వందకు 0.4 చొప్పున రెసిస్టెన్స్ పెంచుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర 7.5 ఉన్నది 40 డిగ్రీల దగ్గర 8.1 అవుతుంది. 14 కావాలంటే గిటార్‌ని పొయ్యి మీద పెట్టాలి.

ఇంక ఉండబట్టలేక కవర్ కూడా తీయించాను. గీరితే కింద పసుపు, అంటే ఇత్తడి మీద పాలిష్. మంచి పికప్‌ల కవర్ నికెల్ సిల్వర్‌తో చేస్తారు. ఇత్తడిలో ఎడ్డీ కరెంట్లు (లోహంలో తిరిగే సుడి కరెంట్లు) ఎక్కువ పుట్టి పై స్వరాల మెరుపును మింగేస్తాయి. ఆల్నికో అయితే లోహంలా తెల్లగా మెరవాలి, లోపలున్న మాగ్నెట్ నల్లటి సెరామిక్ బిళ్ల. సెరామిక్ చెడ్డదని కాదు, దానితో చేసిన మంచి పికప్‌లు బోలెడున్నాయి. ఆల్నికో అని చెప్పి అది అమ్మడమే మోసం. పైన పటారం, లోన లొటారం.

కాబట్టి వెళ్లేముందు కోఠి గుజరాతీ గల్లీలో ఒక చిన్న డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కోండి, 500 లోపు వస్తుంది. డబ్బు ఇవ్వకముందే, ఇంకా బిగించని పికప్ వైర్ల మీద, 20కె రేంజ్‌లో పెట్టి కొలవండి. కొలవనివ్వం అంటే దండం పెట్టి బయటికి రండి. రెసిస్టెన్స్ ఒక్కటీ టోన్ మొత్తం చెప్పేయదు, వైరు మందం మారితే ఆ అంకె కూడా మారుతుంది. కానీ పెట్టె మీద రాసినదానికి రెట్టింపు చూపిస్తుంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు. బిగించేటప్పుడు పక్కనే కూర్చోండి, చాయ్ తర్వాత తాగొచ్చు. పాత పికప్ చేతికి వచ్చాకే గిటార్ తీసుకోండి.

నా బిల్లులో "గిటార్ పార్ట్స్" అని మాత్రమే ఉంది. మోడల్ పేరు లేదు, కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న రబ్బరు స్టాంపు. ఆ స్టాంపు చూసి వెనక్కి తగ్గకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. నేను చేయించాను. ఆ ఫిర్యాదు నంబరు దుకాణం వాళ్లకు చూపించాక 4,000 తిరిగిచ్చారు. మిగతాది స్ట్రింగ్స్, స్ట్రాప్ రూపంలో తీసుకోమన్నారు. తీసుకోలేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

చెప్పడానికి సిగ్గేసే ముక్క ఒకటి మిగిలింది. నా పాత పికప్‌లో అసలు ఏ లోపమూ లేదు. ఎప్పుడో స్క్రూలు తిప్పి బాగా పైకి లేపి ఉంచాను. చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ కడ్డీ) దగ్గర స్ట్రింగ్ నొక్కి చూస్తే పికప్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య రెండు, మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, నాది దాదాపు తగులుతూ ఉండేది. ముద్ద శబ్దం అక్కడిది. ఒక స్క్రూడ్రైవర్, రెండు నిమిషాలు చాలేవి.

ఆ పాత పికప్ గురించి అడిగితే తుక్కులో వేశామన్నారు. నేను నమ్మడం లేదు. రెండేళ్ల కింద సెలెక్టర్ మార్పించినప్పుడు ఏది నెక్‌దో ఏది బ్రిడ్జిదో కలిసిపోకుండా దాని బేస్‌ప్లేట్ (అడుగు రేకు) మీద మా చెల్లి నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టాను. నికెల్ కవర్, ఒక మూల చిన్న సొట్ట, వైరు పొట్టిగా కత్తిరించి ఉంటుంది. సిటీలో ఎవరికైనా సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది కనిపిస్తే దయచేసి మెసేజ్ పెట్టండి, అడిగిన ధర ఇచ్చి తీసుకుంటాను.