మోడరేటర్ వైపు నుంచి డిస్కోర్స్: స్పామ్‌కి భేష్, లీకైన కీలకి జాగ్రత్త

డెవలపర్ల గ్రూపుని వాట్సాప్‌లో నడిపితే అడిగిన ప్రశ్నే మళ్లీమళ్లీ వస్తుంది, పాత జవాబు ఎవరికీ దొరకదు. డిస్కోర్స్ ఆ బాధ తీరుస్తుంది. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో పెట్టినవాళ్లలో ఒకరైన జెఫ్ అట్‌వుడ్, మరో ఇద్దరితో కలిసి 2013లో తెచ్చిన ఓపెన్ సోర్స్ చర్చావేదిక సాఫ్ట్‌వేర్ ఇది. పైథాన్, రస్ట్, స్విఫ్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషల వాళ్ల చర్చావేదికలు దీనిమీదే. సభ్యులకి ఎలా ఉంటుందో అందరూ రాశారు. ఇక్కడ చెప్పేది మోడరేటర్, అంటే చర్చలని అదుపులో పెట్టేవారి పని గురించే.

దీని బలమంతా ట్రస్ట్ లెవెల్స్‌లో, అంటే సభ్యుల మీద నమ్మకాన్ని బట్టి హక్కులు పెంచే మెట్లలో ఉంది. కొత్తవాళ్లది లెవెల్ 0: డిఫాల్ట్‌గా పోస్టుకి రెండు లింకులే, ప్రైవేటు మెసేజ్‌లు పంపలేరు. 5 టాపిక్‌లు తెరిచి, 30 పోస్టులు చదివి, మొత్తం 10 నిమిషాలు గడిపితే లెవెల్ 1. లెవెల్ 3 కావాలంటే గత 100 రోజుల్లో సగం రోజులైనా రావాలి. రావడం మానేస్తే అదీ పోతుంది. లెవెల్ 3 సభ్యుడు ఒక్కడు స్పామ్ అని ఫ్లాగ్ కొడితే (ఫిర్యాదు గుర్తు పెడితే) చాలు, లెవెల్ 0 వాడి పోస్టు వెంటనే కనపడకుండా పోతుంది. అర్ధరాత్రి వచ్చిన క్రిప్టో ప్రకటన కోసం మీరు నిద్ర లేవక్కర్లేదు.

వాచ్డ్ వర్డ్స్, అంటే పోస్టుల్లో కనిపిస్తే పట్టుకోమని మీరు ఇచ్చే మాటల జాబితా దగ్గర మాత్రం తొందరపడొద్దు. ‘కిల్’ అనే మాటని బ్లాక్‌లో పెడితే లినక్స్ ప్రాసెస్ ఆపడం గురించి అడిగిన పోస్టు కూడా ఆగిపోతుంది, ఆ కమాండ్ పేరూ అదే కాబట్టి. దానికి ముందూ వెనకా ఏ అక్షరాలున్నా పట్టుకోమని చెప్పే నక్షత్రం గుర్తులు (*) తగిలిస్తే ‘స్కిల్’ కూడా చిక్కుతుంది. బ్లాక్ బదులు ఫ్లాగ్ పెట్టండి, పోస్టు వెళ్తుంది, మీరు పరిశీలించాల్సిన జాబితా (రివ్యూ క్యూ) లోకీ వస్తుంది. తెలుగులో ఇబ్బంది ఇంకోలా ఉంటుంది: ‘ఆఫర్’ అని పెడితే ‘ఆఫర్లు’ దొరకదు, ఇక్కడ నక్షత్రం తప్పదు.

దారి తప్పిన చర్చని విడదీయడం హాయి. రెంచ్ బొమ్మ నొక్కి, పోస్టులు ఎంచుకుని, కొత్త టాపిక్‌కి పంపితే పాత చోట లింకుతో గమనిక మిగులుతుంది. కోడ్‌లో ఖాళీలకి ట్యాబ్‌లా స్పేస్‌లా అన్న రకం గొడవలకి స్లో మోడ్ (ఒక్కొక్కరూ కాసేపు ఆగాకే మళ్లీ రాయగలిగే పద్ధతి) పెడితే వేడి దిగుతుంది. టాపిక్ మూసేయడం ఆఖరి మందు.

ఇక అసలు లోపం. ఎవరో ఎర్రర్ లాగ్‌తో పాటు ఏపీఐ కీ (ఒక సర్వీసుని వాడుకోవడానికి పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్) కూడా పేస్ట్ చేస్తారు, డెవలపర్ల గ్రూపులో ఇది మామూలే. మీరు పోస్టు సవరించి కీ తీసేస్తే పని అయిపోయినట్టు కనిపిస్తుంది, కానీ కాలేదు. సవరించిన పోస్టు మీద కనిపించే పెన్సిల్ బొమ్మ నొక్కితే పాత వెర్షన్ అలాగే ఉంటుంది, డిఫాల్ట్‌గా అందరికీ కనిపిస్తుంది. రాసినవారే 5 నిమిషాల్లోపు చేసుకున్న చిన్న సవరణకి వెర్షన్ మిగలదు గానీ, మోడరేటర్ చెయ్యి పడితే మిగులుతుంది. కాబట్టి ముందు ఆ కీని రద్దు చేసుకోమని చెప్పండి. తర్వాత సవరించండి. ఆ తర్వాత చరిత్ర తెరిచి ఆ రివిజన్‌ని దాచండి. ఈలోగా ఆ కీ నోటిఫికేషన్ మెయిల్‌లో వెళ్లిపోయి ఉంటే దాన్ని వెనక్కి లాగే దారి లేదు, అందుకే రద్దు చేయించడం ముందు. సవరణ పెట్టెలోనే ‘పాత వెర్షన్ దాచు’ అని ఒక టిక్కు ఇచ్చుంటే సగం తలనొప్పి తగ్గేది.

సొంత సర్వర్‌లో పెట్టుకునేవాళ్లకి: ర్యామ్ 1 జీబీ కనీసం, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) లేకపోతే రీబిల్డ్ (సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ కట్టడం) మధ్యలో చతికిలపడుతుంది. మెయిల్ సర్వర్ వివరాలు సరిగ్గా లేకపోతే కొత్తవాళ్లకి యాక్టివేషన్ మెయిలే రాదు. చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ బయటికి వెళ్లే పోర్టు 25 మూసేస్తాయి, అది ముందే చూసుకోండి. తెలుగు శీర్షికలు పెట్టే గ్రూపైతే స్లగ్ (లింకులో శీర్షిక కనపడే భాగం) సెట్టింగుని ‘ఎన్‌కోడెడ్’కి మార్చాలి, లేకపోతే లింకుల్లో శీర్షిక కనపడదు. యాభైమంది ఉన్న గ్రూపుకి ఇంత సరంజామా దండగ. ప్రశ్నలు పోగుపడి, వెతుక్కోవాల్సిన అవసరం వచ్చిన గ్రూపుకి మాత్రం ఇదే తీసుకోండి.